అమ్మ ఆపి చూసిన మాత్రలు

మా అమ్మ మల్కాజ్‌గిరిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. పుస్తకం తెరవకుండా పాఠం చెప్పే మనిషి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకరోజు అమ్మ పదో తరగతిలో లెక్క మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఏం రాయాలో తోచలేదట. ఇంటికొచ్చి, "తలకాయల పొగ నిండినట్టున్నది బిడ్డా" అంది.

నాకు భయమేసింది. అప్పట్లో మా ఆఫీసులో చాలామంది జ్ఞాపకశక్తి మాత్రలు మింగేవారు. గొలుసు స్కీములో చేరి వాటిని అమ్ముతున్న ఒక సహోద్యోగి దగ్గర అమ్మకోసం ఓ డబ్బా కొన్నాను.

ఫార్మసీ చదువుతున్న మా చెల్లెలు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, ఇండ్ల ఉన్న బ్రాహ్మీ, జింకో ఆకుల మీద పరీక్షలైతే జరిగినయి. ఒకదాంట్ల పనిచేసిందంటరు, ఇంకోదాంట్ల లేదంటరు. అమ్మకు ఏం తక్కువైందో తెల్వకుండ ఏమిస్తవ్? ముందుగాల రక్తం చూపిద్దాం."

"చూపిద్దాం తియ్. గివి సుత వేసుకుంటా, అక్క ప్రేమతోని తెచ్చింది" అంది అమ్మ.

పరీక్షలో విటమిన్ బీ ట్వెల్వ్ బాగా తక్కువని తేలింది. మాది శాకాహారం, అమ్మ పాలు, పెరుగు కూడా మానేసి చాలా కాలమైంది. డాక్టరు సూదులు రాశాడు. నెమ్మదిగా ఆ మబ్బు విడిపోయింది. అమ్మ మళ్లీ మునుపటి మనిషైంది.

అమ్మకు నయమైందని విని, అది తన మాత్రల వల్లేననుకుని నా సహోద్యోగి సంబరపడిపోయాడు. సికింద్రాబాద్‌లో ఓ ఫంక్షన్ హాల్లో ఆ స్కీము వాళ్ల మీటింగ్‌కు మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచి, అమ్మ చేతికి మైకిచ్చాడు. "మేడమ్, మన మాత్రల గురించి రెండు ముక్కలు చెప్పండి."

అమ్మ క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది.

"మాత్రలు వేసుకున్న, నిజమే. బీ ట్వెల్వ్ సూదులు సుత తీసుకున్న. రెండూ ఒక్కసారే షురూ చేస్తే దేనితోని తగ్గిందో ఎట్ల తెలుస్తది? అందుకే మాత్రలు ఆపి చూసిన. ఏం ఫరక్ పడలే. గట్లని నా ఒక్కదాని మాట సుత రుజువు కాదు. మతిమరుపు గిట్ల వస్తే ముందు డాక్టరుకు చూపించుకొని రక్త పరీక్ష చేయించుకోండ్రి."

సహోద్యోగి మైకు తీసుకున్నాడు. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చి, "ఏం పరీక్షమ్మా అది?" అని అడిగింది.

"మా చిన్నబిడ్డను అడుగుండ్రి, ఆమెనే చెప్పింది నాకు" అని అమ్మ చెల్లెల్ని ముందుకు తోసింది.

అమ్మా, చెల్లెలూ ఇద్దరూ నా వాళ్లని ఆ హాలంతటికీ వినబడేలా చెప్పాలనిపించింది.