మంచినీళ్ళ పొర

కోటబొమ్మాళి బాప్టిస్టు సంఘంలో ఏసుదానం సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే కూతురి ఊసెత్తకుండా కూర్చునేవాడు కాదు. ఆయన తాపీమేస్త్రి. కూతురు గ్లోరీ శ్రీకాకుళం దగ్గర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ ఇంట్లో అంతవరకు చదివినవాళ్ళు లేరు.

చేరిన కొత్తలో ఆయన అడిగాడు. "ఏటి సేత్తన్నావమ్మా అక్కడ?"

"పొరలు నాన్నా. రబ్బరులో కంటికి ఆననంత సన్నటి పొడి కలిపి, గాజుపలక మీద పల్చగా పరుస్తాం. కలిసిపోయిన రెండిట్ని అది విడదీస్తాది."

"నీళ్ళు సుబ్రం సేసే మిషన్లో ఉంటాదే, అలాటిదా?"

గ్లోరీ "అలాటిదే" అంది.

నిజానికి ఆ పొర విడదీసేది ఆల్కహాలును. పులియబెట్టిన జీడిమామిడి పళ్ళ రసం ఒకవైపు పోసి, రెండోవైపు నుంచి పంపుతో లాగితే, నీళ్ళు చాలావరకు వెనకే ఉండిపోతాయి, ఆల్కహాలు ఆవిరై పొర దాటుతుంది. గంటల తరబడి మరిగించే పని తప్పుతుంది. పెట్రోల్లో కలిపే ఇంధనం చవగ్గా వస్తుందని వాళ్ళ ఆశ. ఈ మాట ఇంట్లో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఏసుదానం తమ్ముడు చినబాబు నాటుసారా తాగి తాగి కాలేయం పాడై చనిపోయాడు. ఆయన శవం పక్కన నాన్న ఏడ్చిన ఏడుపు గ్లోరీ చిన్నప్పుడే చూసింది. తీరిగ్గా తర్వాత చెప్పుకోవచ్చులే అనుకుంది.

ఆ ఆదివారమే ఏసుదానం ఆరాధనలో లేచి నిలబడ్డాడు. "మా అమ్మాయి పేదోళ్ళకి మంచినీళ్ళిచ్చే పొర సేత్తన్నాది. దానికోసరం పార్దన సెయ్యండి" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న గ్లోరీ తల వంచుకుంది. ఆ తర్వాత ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "నీళ్ళ పొర ఎంతవరకొచ్చిందే?" అని అడిగేవారు. "వస్తన్నాది పిన్నీ" అని తప్పించుకునేది.

ఒక వేసవిలో అరసవల్లిలో లాడ్జి గోడల పని దొరికి, ఏసుదానం తన భార్య వండిన రొయ్యల కూర క్యారేజీ పట్టుకుని నేరుగా ల్యాబుకు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటమ్మా ఈ వాసన? సారా వాసన కదా!"

గ్లోరీ అంతా చెప్పేసింది. తాగడానికి కాదు, బళ్ళలో పోసుకోవడానికని గబగబా చెప్పింది. ఆయన అడ్డు తగలకుండా చివరిదాకా విన్నాడు. క్యారేజీ బల్ల మీద పెట్టాడు.

"నువ్వు సేసే పని తప్పని నేనన్నేదమ్మా. బళ్ళకైతే నాకేటి నొప్పి? నన్ను దేవుడి ముందు నిలబెట్టి అబద్దం సెప్పించేసావు."

తర్వాతి ఆదివారం ఆయన మళ్ళీ లేచాడు. "నీళ్ళ పొర అన్నాను. అది కాదు. నేనే తప్పుగా సెప్పాను. చెమించండి" అని కూర్చున్నాడు. కూతురు దాచిందని ఒక్క ముక్క అనలేదు. ఆ తర్వాత ఆయన సాక్ష్యానికి లేచింది లేదు.

గ్లోరీకి పట్టా వచ్చింది. ఇప్పుడు విజయనగరంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. పొర పని ఇంకా వదల్లేదు. రసంలోని ఈస్టు పేరుకుపోయి పొర రంధ్రాలు మూసుకుపోతాయి, పొడి మార్చి మళ్ళీ మొదలుపెడుతుంది. పిల్లలెవరైనా అడిగితే ఓపిగ్గా అంతా విడమరచి చెబుతుంది. ఆ ఓపిక నాన్న దగ్గర చూపలేకపోయానే అని ఆమె బాధ. మొదట అడిగిన రోజే చెప్పి ఉంటే ఆయన రెండు పూటలు అలిగేవాడు, ఆపైన సవాలక్ష ప్రశ్నలు వేసేవాడు. ఆయన తత్వం ఆమెకు తెలియనిది కాదు.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు, "ఒకసారి మా కాలేజీకి రా నాన్నా, ఎలా పనిచేస్తాదో సూపిస్తాను" అంది.

"నాకేటి తెలుస్తాదమ్మా" అన్నాడాయన మెత్తగా. "అన్నం తిన్నావా?" అని అడిగి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.