కోదండరామ్ గారి పరుపు గ్రూపు

మా ఆఫీసులో కోదండరామ్ గారికి ఒకటే జబ్బు. ముగ్గురు మనుషులు ఒకచోట కనిపిస్తే చాలు, వాళ్ళ ఈమెయిళ్ళు తీసుకుని గ్రూపు కట్టేస్తారు. కట్టి ఊరుకుంటే ఆయన జబ్బు ఆయనది, మనకేం? ఆ గ్రూపుని తెచ్చి మా అందరి కంప్యూటర్లలోనూ ఎక్కిస్తారు. అదీ బాధ.

"ఒక్క నిమిషం లేమ్మా వాసవీ" అంటారు. లేచేదాకా పక్కనే నిలబడతారు. నా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఏవేవో నొక్కి, "ఇదిగో, 'మంచు తవ్వే పార ఉన్నవాళ్ళు' నీక్కూడా వచ్చేసింది!" అని మురిసిపోతారు. ఆ ఒక్క నిమిషం ఇరవై నిమిషాలు. సోమవారం మళ్ళీ ప్రత్యక్షం.

"మొన్ననే ఎక్కించారు కదండీ!"

"అది కాపీ అమ్మా. నా దగ్గర ఎవరైనా కొత్తగా చేరితే నీ దగ్గర చేరరు. మళ్ళీ ఎక్కించాలి."

"మీ దగ్గరుంటే చాలదా? మాకెందుకు?"

"నేను లేనప్పుడో?"

కెనడాలో, ఈ కిచెనర్‌లో మా ఆఫీసు తెరిచిన రోజు నుంచీ ఆయన సెలవు పెట్టిన పాపాన పోలేదు. ఇంక లేకపోవడమేమిటో!

చాలా గ్రూపుల సంగతి పేరు చూస్తేనే తెలిసిపోయేది. 'ఉల్లిపాయ తిననివాళ్ళు', 'శనివారం కేంబ్రిడ్జ్ వైపు వెళ్ళేవాళ్ళు', ఇలా. ఒక్కటి మాత్రం అంతుచిక్కలేదు. దాని పేరు 'పరుపు'. అందులో నలభై ఒక్కమంది. పక్క ఊరు కేంబ్రిడ్జ్ గోడౌన్లో సూపర్‌వైజరొకాయన, వాటర్లూలో రిటైరైన ప్రొఫెసర్ రామ్మోహన్ గారు, ఎవరో పళ్ళ డాక్టరమ్మ, వాళ్ళ మధ్యలో నేను! ఒకరికొకరికి ఏ పొంతనా లేదు. ఎంత ఆలోచించినా నాకు తెగలేదు.

పక్క సీటు యోగానంద్‌ని అడిగాను. "మెత్తగా మాట్లాడేవాళ్ళ లిస్టేమో" అన్నాడు.

"మరి నేనెందుకున్నాను?"

"అదే నాకూ అర్థం కావట్లేదు వాసవి గారూ."

కోదండరామ్ గారినే అడిగితే, "అవసరం వచ్చినప్పుడు తెలుస్తుందిలేమ్మా" అని నవ్వేసి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది.

ఇది 2023 సెప్టెంబరు మాట. వాటర్లూలో బస్సెక్కినా, లైట్ రైలెక్కినా తెలుగే వినిపిస్తున్న రోజులు. పిల్లలు రెండేసి సూట్‌కేసులతో దిగుతున్నారు, గదులు మాత్రం దొరకడం లేదు. చదువుకుంటూనే నాలుగు నెలలు పనిచేసే కో-ఆప్‌కి మా టీములోకి వచ్చిన ధరణిది నల్గొండ. ఒక బేస్‌మెంట్లో తొమ్మిదిమందితో ఉండేది. ఉదయం బాత్రూమ్ క్యూలో నిలబడే చదువుకుంటానని చెప్పి తనే నవ్వేది.

ఒక శుక్రవారం, పన్ను పీకించుకోవాలి, సెలవు కావాలని మా మేనేజర్ పాండురంగ గారికి మెయిల్ రాశాను. ఇంగ్లీషులో పేరు మొదటి రెండక్షరాలు కొట్టగానే కంప్యూటరు మిగతాది తనే నింపేసింది. నేను చూసుకోకుండా పంపేశాను. అది పాండురంగ గారికి పోలేదు, 'పరుపు'కి పోయింది! నా పన్ను సంగతి మిగతా నలభైమందికీ తెలిసింది. రామ్మోహన్ గారు లవంగం పెట్టుకోమన్నారు. పళ్ళ డాక్టరమ్మ "పీకించుకోవద్దు, ముందు నాకు చూపించు" అని రాసింది. గోడౌన్ ఆయన అయితే తన పన్ను ఫొటో పంపాడు.

అంతే. ఆయన ఎక్కించిన గ్రూపులన్నీ అక్కడికక్కడే చెరిపేశాను. ప్రాణం హాయిగా ఉంది.

ఆ సోమవారమే కోదండరామ్ గారు జీవితంలో మొదటిసారి సెలవు పెట్టారు. కంటికి శుక్లాల ఆపరేషన్, వారం రోజులు స్క్రీన్ చూడకూడదట. మంగళవారం మధ్యాహ్నం ధరణి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అక్కా, ఇయ్యాల కొంచెం జల్ది పోవచ్చా?"

"ఏమైంది?"

"మా బేస్‌మెంట్ల సిటీవాళ్ళ చెకింగ్ అయింది. అంతమంది ఉండొద్దంట. ఆరింటికల్లా ఖాళీ చేయమన్నరు."

"మరి ఎక్కడికెళ్తావ్?"

"తెలుస్తలేదక్కా. ముందు సూట్‌కేసులు లైబ్రరీల పెట్టుకోనిస్తరేమో అడుగుత."

ఈసారి చెప్పి నవ్వలేదు. టైము రెండున్నర. ఇలాంటివి ఎవరికి తెలుస్తాయి? కోదండరామ్ గారికే. వాళ్ళింటికి ఫోన్ చేశాను. భార్య మీనాక్షి గారు తీశారు.

"ఆయనకి ఫోన్ ఇవ్వనమ్మా. ఇస్తే స్క్రీన్ చూసేస్తారు."

"ఒక్క మాట ఆంటీ, ఒకమ్మాయికి ఉండటానికి చోటు లేదు..."

వెనకనుంచి కేక వినిపించింది. "పరుపు! పరుపు చూడమను!"

"పరుపు మీదే ఉన్నారు కదండీ, మళ్ళీ పరుపేమిటి!" అని ఆవిడ ఆయన్ని కసిరి ఫోన్ పెట్టేశారు.

ఆ గ్రూపుని స్వహస్తాలతో చెరిపింది నేనే కదా! ధరణిని వెంటబెట్టుకుని యోగానంద్ దగ్గరికి పరిగెత్తాను. అతని బద్ధకం పుణ్యమా అని అతని కంప్యూటర్లో ఏదీ చెరగలేదు. "ఒక్క నిమిషం లే" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది.

'ఒకమ్మాయికి ఈ సాయంత్రం నుంచి ఉండటానికి చోటు కావాలి' అని రాసి, కింద నా పేరు పెట్టి పంపాను. పది నిమిషాలు కాకుండానే జవాబులు మొదలయ్యాయి. రామ్మోహన్ గారు కారు తీసుకుని బయల్దేరమంటారా అన్నారు. పళ్ళ డాక్టరమ్మ, అమ్మాయి పిల్లికి భయపడకపోతే పైగది ఇస్తానంది. కింద, 'నీ పన్ను ఎలా ఉంది?' అని కూడా అడిగింది.

అసలు ఈయన వీళ్ళందర్నీ ఎలా పట్టుకున్నారు? ఆ గ్రూపుకి నోట్స్ పేజీ ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ ఎవరమూ తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరిచాను. ఒక్కో పేరు పక్కన ఒక్కో వాక్యం.

'రామ్మోహన్: సోఫా లాగితే మంచం. రాత్రి గురక పెడతారు, ముందే చెప్పాలి.'

చదువుతూ చదువుతూ నా పేరు దగ్గర ఆగిపోయాను.

'వాసవి: అత్తగారి కోసం కొన్న పరుపు. ఆవిడ చాప మీదే పడుకున్నారు. బేస్‌మెంట్ గదిలో ప్లాస్టిక్ కవర్ తీయకుండా అలాగే ఉంది. అడిగితే ముందు విసుక్కుంటుంది. కాదనదు.'

ఎప్పుడో తలా ఒక వంట తెచ్చుకున్న ఆఫీసు పాట్‌లక్‌లో మా అత్తగారి మీద చాడీలు చెబుతూ అన్న మాట! సాంబారు వడ్డించుకుంటూ వినేశారు మహానుభావుడు. ఊళ్ళో వాళ్ళందరికీ మెయిల్ కొట్టాను గానీ, మా ఇంటికి రా అనాలని నాకు తట్టనే లేదు. సిగ్గేసింది.

"యోగానంద్, అందరికీ రాసెయ్. పరుపు దొరికిందని."

"ఎక్కడ?"

"మా ఇంట్లో. ధరణీ, పద, సూట్‌కేసులు తెచ్చుకుందాం."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఎలివేటర్ దాకా వదల్లేదు.

తర్వాతి సోమవారం కోదండరామ్ గారు నల్లకళ్ళద్దాలతో ప్రత్యక్షమయ్యారు. "ఒక్క నిమిషం లేమ్మా."

మొదటిసారి మారుమాట లేకుండా లేచాను. పాత గ్రూపులన్నీ మళ్ళీ ఎక్కించారు. చెరిపేశావా అని ఒక్కమాట అడగలేదు. 'పరుపు'లోంచి నా పేరు తీసేసి, "నీ పరుపు నిండిపోయింది కదా" అన్నారు. కొత్తగా 'రజాయిలు' అని ఒకటి కట్టి, హుషారుగా ఈల వేసుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే నోట్స్ తెరిచాను.

'వాసవి: అల్మరా పై అరలో రెండు రజాయిలు ఎక్కువున్నాయని ధరణి చెప్పింది. విసుక్కోవడం తగ్గింది.'