ఫ్యాన్ కింద కూర్చోని మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారన్న కబురు పోయిన సోమవారం పొద్దున స్టాఫ్ గ్రూపులో వచ్చింది. గుండెపోటట. కిందనే వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక స్టవ్ కట్టేసి వంటింట్లోనే పీట మీద కూలబడ్డాను. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి రెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

పటమటలో మా బడిలో ఆయన లెక్కలు, నేను సైన్సు. నేను కొత్తగా చేరిన రోజుల్లో పిల్లల అల్లరి ఆపలేక ఏడుపు మొహంతో స్టాఫ్ రూముకు వస్తే, తన ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి, "వాళ్లకి మీరంటే భయం లేదు, మంచిదే. ఇష్టం కలిగేదాకా ఓపిక పట్టండమ్మా" అన్నారు. పేపర్లు దిద్దేటప్పుడు తప్పు లెక్కను అడ్డంగా కొట్టేసేవారు కాదు. ఎక్కడ దారి తప్పిందో అక్కడ గీత గీసి, "ఇక్కడిదాకా బాగుంది" అని రాసేవారు. సున్నా వచ్చిన పిల్లలు కూడా ఆ మాటను ఇంట్లో చూపించుకునేవారు.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు ఆయనకు సర్పి వచ్చింది. ఎడమ పక్క, డొక్క మీద నుంచి వీపు దాకా నీటిపొక్కులు. సొంతూరు చల్లపల్లి వెళ్లి, ఎవరో పెద్దాయన చేత పొక్కులకు ఎర్రటి జాజు మట్టి పూయించుకుని, సెలవు అయ్యాక వచ్చారు. "సర్పి ఒంటిని చుట్టేసి తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారు కదండీ. నాకు సగంలోనే ఆగింది" అని నవ్వారు. "అది పాము కాదు మాస్టారూ, వైరస్. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసుంటుంది చూడండి, అదే ఇది" అని పాఠం చెప్పాను. అక్కడిదాకా నేను చెప్పింది బాగానే ఉంది.

పొక్కులు ఎండి రాలిపోయాయి. మాస్టారు మాత్రం చొక్కాను డొక్క దగ్గర రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని తిరగడం మానలేదు. స్టాఫ్ రూములో ఉన్నది ఒక్కటే ఫ్యాన్. ఆయన వస్తూనే "ఏమనుకోకండమ్మా" అంటూ దాన్ని ఆపేసేవారు. అదీ ఒంటిపూట బడుల కాలంలో, బెజవాడ ఎండల్లో! మేం మళ్లీ వేస్తే కుర్చీ వరండాలోకి లాక్కుని గోడ వారగా కూర్చునేవారు. క్లాసులోనూ అంతే. "చెమట పడితేనే లెక్క వంటబడుతుందిరా" అని పిల్లల్ని నవ్వించేవారు. మేం ఆయనకు కరెంటు కోత మాస్టారు అని పేరు పెట్టాం. మేం ఏమిటి, పెట్టింది నేనే.

ఒకరోజు ఉక్కకు తాళలేక అడిగేశాను.

"పొక్కులు మానిపోయాయిగా మాస్టారూ, ఇంకా మంటేంటండీ?"

"చొక్కా తగిల్తే నిప్పు రాసినట్టుంటుందమ్మా. ఫ్యాన్ గాలి మరీను."

"అంతా మీ అనుమానం. పుండు మానాక మంట ఎక్కడైనా ఉంటుందా?"

ఆయన కుర్చీలోంచి లేచారు. "సైన్సు మీరు చెబుతారు, మీకు తెలుస్తుంది లెండి. నా ఒంటికే ఇంకా తెలియలేదు" అని, ఫ్యాన్ తనే వేసి బయటికి వెళ్లిపోయారు. నేను గెలిచాననుకున్నాను.

ఆ ఏడు టీచర్స్ డేకి పదో తరగతి పిల్లలు మా వేషాలు కట్టారు. లెక్కల మాస్టారి వేషం వేసిన అమ్మాయికి నడక నేర్పింది నేను. అతికించిన మీసంతో వచ్చి, చొక్కా రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని, లేని ఫ్యాన్‌కి లేని స్విచ్ ఆపింది. బడి బడంతా పగలబడి నవ్వింది. ముందు వరసలో మాస్టారూ చప్పట్లు కొట్టారు. తర్వాత మెట్ల దగ్గర ఎదురుపడి, "బాగా నేర్పారమ్మా. ఒక్కటే తప్పు. ఆ పిల్ల కుడి పక్క పట్టుకుంది. నాకు ఎడమ" అన్నారు. దానికీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రెండేళ్ల కిందట మా అమ్మకు అదే సర్పి వచ్చింది. పొక్కులు మానాక కూడా పైట ఒంటి మీద నిలవనిచ్చేది కాదు. ఫ్యాన్ వేస్తే "ఆపవే, ఆపవే" అని అరిచేది. గుణదలలో ఒక డాక్టరు గారికి చూపించాను. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదని, నరాల మొదట్లో ఏళ్ల తరబడి నిద్రపోయి వయసు మీద పడ్డాక లేస్తుందని ఆయన చెప్పారు. అంతవరకు నేను పిల్లలకు చెప్పేదే. "చర్మం మానుతుందండీ, లోపల నరం దెబ్బతినుంటుంది. కొంతమందికి ఏళ్లు గడిచినా ఆ మంట పోదు. దుప్పటి తగిలినా, గాలి తగిలినా ఓర్చుకోలేరు. పొక్కులు కనపడ్డ రెండు మూడు రోజుల్లోనే మందు పడితే కాస్త నయం" అన్నారు. ఎదురుగా ఉన్న అమ్మ నాకు కనపడలేదు. చొక్కా ఎత్తిపట్టుకున్న రెండు వేళ్లే కనపడ్డాయి.

అప్పటికి రిటైరై చల్లపల్లిలో ఉంటున్న మాస్టారికి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. గొంతు వినగానే ధైర్యం చాలలేదు. అమ్మకు సర్పి వచ్చిందని మాత్రం చెప్పాను. "అయ్యో, ఆవిడకి ఫ్యాన్ వెయ్యకండమ్మా. మెత్తటి పాత నూలు చీర కట్టుకోనివ్వండి. మంటంటే నమ్మండి, అబద్ధం కాదు" అన్నారు. నన్ను దెప్పడానికి కాదు, ఆవిడ కోసం అన్నారు. ఇలాంటి తప్పుకు ఫోన్‌లో క్షమాపణ ఏమిటి, ఎదురుగా వెళ్లి చెప్పాలి అనుకున్నాను. చల్లపల్లి ఎంత దూరం గనక? వేసవి సెలవులకు అనుకున్నాను, దసరాకు అనుకున్నాను. సోమవారం మధ్యాహ్నానికి వెళ్లాను.

ఆయన్ను హాల్లో బల్ల మీద పడుకోబెట్టి, మెడ దాకా తెల్ల పంచె కప్పారు. గది నిండా జనం. పైన ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. ఆ గాలికి పంచె ఎడమ పక్కన లేస్తూ, మళ్లీ ఒంటికి తగులుతూ ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు. లేచి వెళ్లి స్విచ్ ఆపేశాను.

"ఉక్కపోస్తుంటే ఆపారేంటండీ?" అంటూ ఒకాయన స్విచ్ వైపు చెయ్యి చాపారు. కాళ్ల దగ్గర కూర్చున్న మాస్టారి భార్య తలెత్తి, "ఉండనివ్వండి. ఆవిడకి తెలుసు" అన్నారు.

ఆ మాటకు ఏడుపు ఆగలేదు. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. పంచె లేవడం మాని ఆయన డొక్క మీదకు ఒదిగిపోయింది. నేను వెళ్లి పక్కన కూర్చుని, ఎడమ వైపు ఆ అంచును రెండు వేళ్లతో పట్టుకుని, ఒంటికి తగలకుండా ఎత్తి ఉంచాను.