నాలుగో పేజీలో ఒక గడి

ఆ ప్రయాణం కోసం నేను తయారుచేసుకున్న ఎక్సెల్ షీటులో నలభై మూడు వరసలు ఉండేవి. ఒక్కో వరసకు నాలుగు గడులు: ఏం పని, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, అయిందా లేదా. అయినవి ఆకుపచ్చ, కానివి ఎరుపు. మే రెండో వారానికి నలభై రెండు ఆకుపచ్చగా మారాయి. నేను రాస్తున్నది మిగిలిన ఆ ఒక్క ఎర్ర వరస గురించి.

మేం వెళ్లాలనుకున్నది బోట్స్వానాకు, ఒకవాంగో నది చిత్తడి నేలలకు. ఆ నది సముద్రం దాకా పోదు. ఎగువన వేరే దేశంలో కురిసిన వాన నెలల తరబడి నడిచి వచ్చి, అక్కడ చినుకు పడని కాలంలో ఎడారి మీద పరుచుకుంటుంది. కొంత ఆవిరవుతుంది, కొంత ఇసుకలోకి ఇంకుతుంది. ఏనుగులు ఆ నీళ్లలో కడుపు లోతున నడుస్తాయి. ఇదంతా బాపు, అంటే మా నాన్న, ఒక మధ్యాహ్నం టీవీలో చూశాడు. ఏనుగుల మీద ఆయనకు పెద్దగా ఆసక్తి కలగలేదు.

"ఏ పంపు వెట్టకుంటనే గన్ని నీళ్లు ఎట్ల గుంజుతుందిరా గా ఇసుక?" అని అడిగాడు.

బాపు బొగ్గు గనిలో పంపు నడిపేవాడు. భూమిలోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఒక్క షిఫ్టు తోడకపోతే పనిచేసే జాగా మునిగిపోతుంది. ముప్పై ఏళ్లు ఆ నీళ్లను పైకి పంపిన మనిషికి, తనంతట తానే మాయమయ్యే నీళ్లు నమ్మశక్యంగా లేవు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను.

"లెక్క మంచిగనే ఉంది. కండ్లతోని చూస్తే గని నమ్మ" అన్నాడు.

కోరిక అని ఆయన అనలేదు. షీటు మొదటి వరసలో నేనే అలా రాసుకున్నాను.

అమ్మ మొదటిరోజే తప్పుకుంది. మోటారు లేని పడవ ఎక్కనంది. కాబట్టి ఇద్దరం. లాడ్జి ఒక దీవి మీద ఉంటుంది. గుడారాలని పేరే గాని చెక్క నేల, పక్క మీద తెల్లటి దోమతెర, వరండాలో నిలబడితే కిందనే నీళ్లు. రోడ్డు లేదు, చిన్న విమానంలో దిగాలి. చక్రాల పెట్టెలు పనికిరావు, మెత్తటి సంచులే తేవాలి. విమానం చిన్నది కాబట్టి మనుషుల బరువు కూడా ముందే చెప్పాలన్నారు. బాపును తూకం మీద నిలబెడితే నవ్వాడు.

"గనిల దిగేటప్పుడు దీపం నంబరడిగిండ్రు గని, నా బరువెంతని ఎవ్వలడగలె."

దుర్భిణి వచ్చిన రోజు డాబా ఎక్కి రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టాలను ఒక్కొక్కటే చూశాడు. సంచిలో తన బట్టలు తనే సర్ది, తీసి, మళ్లీ సర్దాడు.

లాడ్జి వాళ్లు పంపిన ఫారం ఆరు పేజీలు. నాలుగో పేజీలో ఒక గడి: అరవై దాటిన అతిథి చిన్న విమానానికి, సన్న పడవకు తగిన ఆరోగ్యంతో ఉన్నట్టు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. నేను దాన్ని అన్నిటికంటే తేలిక పని అనుకుని పదిహేడో వరసలో వేశాను. గడువు రెండు రోజులు.

మా దగ్గర అన్‌ఫిట్ అనేది తిట్టు కాదు. కార్మికుడు గని పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఐదేళ్ల కింద బాపు మోకాళ్లు అరిగి, నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరాడక, కొత్తగూడెం వెళ్లి బోర్డు ముందు నిలబడ్డాడు. అన్‌ఫిట్ అని రాసిన రోజు వాడలో మిఠాయి పంచాం. నాన్న శరీరం చెడిపోయిందని మిఠాయి పంచే జాగాలు ఇంకెక్కడైనా ఉన్నాయేమో నాకు తెలియదు. చేతిలో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టాతో నేను, పర్మినెంటు మనిషి రాని రోజు పని దొరికే బదిలీ వర్కర్‌గా, అదే గనిలో దిగాను. ఇంత చదివి ఈ పనేంటని ఎవరూ అడగలేదు. నాతో దిగినవాళ్లలో సగం మంది అంతే చదివారు.

గని గాలి తప్పి ఐదేళ్లు అయ్యేసరికి బాపు ఊపిరి తేరుకుంది. ఇంట్లో కర్ర లేకుండానే తిరుగుతాడు. వాడ మలుపు దాటి కంపెనీ ఆఫీసుల వైపు పోవాలంటే మాత్రం కర్ర పట్టుకుంటాడు. నేను దాన్ని అలవాటనుకున్నాను.

ఫారం సంగతి చెప్పిన సాయంత్రం బాపుతో కలిసి పనిచేసి రిటైరైన కాక, వరసకు బాబాయి, మా అరుగు మీద ఉన్నాడు. ఫిట్‌నెస్ అనే మాట వినగానే బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఫిట్టని రాయించుకోవాల్నా? నేనా?"

కాకకు హుషారొచ్చింది. "అన్‌ఫిట్ అయినోడు ఆఫ్రికల పులితోని ఫొటో దిగిండని పేపర్ల ఎయ్యరాదే అన్నా!"

"ఆఫ్రికాలో పులులుండవు కాకా" అన్నాను.

"లేకుంటే పేపరోడే వెడ్తడు తియ్యి." నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "నవ్వులాటకు కాదు బిడ్డా. ఆకాశరామన్న ఉత్తరం ఒక్కటి వడితె సాలు. గిన్నేండ్ల కింద అన్‌ఫిట్ అయినోడు గిప్పుడు ఫిట్ ఎట్లయిండని అడుగుతరు. నీ నౌకరీకే ఎసరు."

నేను నిబంధనల కాగితాలు తీశాను. బోర్డు చెప్పింది గని పనికి మాత్రమేనని, బయటి డాక్టరు రాసిన సర్టిఫికెట్‌తో నా ఉద్యోగానికి సంబంధం లేదని గీత గీసి చూపించాను. బాపు చదవకుండానే తిరిగిచ్చాడు.

"రూల్ నీకు ఎర్కనే. మనుషులు ఎర్కలేరు నీకు."

అయినా మర్నాడు డాక్టరు దగ్గరికి వచ్చాడు. కర్ర పట్టుకుని వచ్చాడు. డాక్టరు గుండె విన్నాడు, ఊపిరి విన్నాడు, గదిలో అటూ ఇటూ నడవమన్నాడు. బాపు కుంటుతూ నడిచాడు. ఇంట్లో ఆయన అలా నడవడం నేను చూసి మూడేళ్లయింది.

"కర్ర పక్కన పెట్టి నడువు పెద్దాయనా" అన్నాడు డాక్టరు.

"నేను అన్‌ఫిట్ సారు. బోర్డు రాసింది."

"గనికి రాసిండ్రు. పడవల కూసునేటందుకు ఏమైంది? మంచిగున్నవ్. రాసిస్తా."

"వద్దు సారు. ఒక మనిషికి ఒక్కటే కాగితముండాలె."

డాక్టరు నా వైపు చూశాడు. రాయమన్నాను. ఆయన రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. నేను చెయ్యి చాచేలోపు బాపు ఆ కాగితాన్ని అందుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

బయట స్కూటర్ దగ్గర అడిగాను. ఇవ్వలేదు.

"నీ నౌకరి పోతె నాకు ముద్ద దిగదు. నీళ్లు ఎటు వోతె నాకేంది?"

అప్పుడన్నాను. ఆ మాట అనడానికి ఐదేళ్లు పట్టింది, అనడానికి ముందు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఈ నౌకరి నిన్ను అడిగిందెవరు బాపూ?"

ఎండ నడినెత్తి మీద ఉంది. బాపు స్కూటర్ వెనక కూర్చుని, కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. దారి పొడవునా ఆ కర్ర కొన గతుకు వచ్చినప్పుడల్లా నా నడుముకు తగులుతూనే ఉంది. ఇల్లు చేరాక జేబులోని కాగితం తీసి, చించలేదు, పారేయలేదు. బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరుంది. అందులో ఆయన అన్‌ఫిట్ ఉత్తర్వు ఉంటుంది, ఏటేటా నాకు వైద్యపరీక్ష చేసి ఇచ్చే ఫిట్ స్లిప్పులు ఉంటాయి. దాన్నీ వాటి అడుగున పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

ఇంకో డాక్టరు దగ్గర ఇంకో కాగితం రాయించవచ్చు. కాని ఆయన రాడు. రెండు రోజులు ఆగాను. లాడ్జి నుంచి గుర్తుచేస్తూ మెయిలు వచ్చింది. మూడోరోజు రద్దు ఫారం తెరిచాను. కారణం ఎంచుకోండి అని ఒక జాబితా ఉంది: వాతావరణం, కుటుంబం, ఆరోగ్యం, ఇతరం. నేను ‘ఇతరం’ మీద వేలు పెట్టబోతుంటే బాపు వెనకనుంచి చూస్తున్నాడు. స్కూటర్ దగ్గరి మాట తర్వాత మా మధ్య అదే మొదటి మాట.

"ఏమేమున్నయి దాంట్ల?"

చదివి వినిపించాను.

"ఆరోగ్యం వెట్టు" అన్నాడు. "ముసలోనికి పానం మంచిగ లేదని రాయి. అదైతే మనకు ఎన్నటికైన పనికొస్తది."

పెట్టాను. త్వరగా కోలుకోవాలని వాళ్ల దగ్గర నుంచి జవాబు వెంటనే వచ్చింది. దాన్ని ప్రింటు తీసి ఇమ్మన్నాడు. ఇచ్చాను. మొలతాడుకున్న తాళంచెవితో బీరువా తీసి, రేపు ఎవరైనా వచ్చి అడిగితే ముందు అదే కనిపించేలా ఆ కవరులో అన్నిటికంటే పైన పెట్టాడు.