పదిహేడో నంబరు కణాలు

సునందది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. సోమందేపల్లె దాటాక హైవే పక్కనున్న మందుల కంపెనీలో నాతోపాటు కణాలు పెంచుతుంది. ఎప్పుడో చిట్టెలుక నుంచి తీసిన కణాలవి. వాటిలో ఒక మనిషి జన్యువు పెడితే కీళ్లవాతం మందుకు కావలసిన ప్రొటీన్ తయారుచేస్తాయి. తరాలు గడిచేకొద్దీ కొన్ని ఆ పని మానేస్తాయి. జన్యువు లోపలే ఉంటుంది, నోరు మూసుకుంటుంది. కణం మాత్రం నిక్షేపంగా పెరుగుతుంది. అందుకే మందుకు వాడేముందు అరవై తరాలు పెంచి చూడాలి.

వందల కణాల్లోంచి పదిహేడో నంబరును ఏరింది సునందే. రెండేళ్ల చాకిరీ. అది నెగ్గితే కొత్త ల్యాబు బాధ్యత ఆమెకే. "నా పదిహేడు" అంటుంటే మేము నవ్వేవాళ్లం.

నలభై ఐదో తరానికి ప్రొటీన్ సగానికి పడిపోయింది. మా మేనేజరు నాగేశ్వర సారు కంగారు పడలేదు. నలభయ్యో తరం దగ్గర కణాలకు పోసే పోషక ద్రవం కొత్త డబ్బా విప్పాం.

"తప్పు ఆ డబ్బాదేలేమ్మా. అట్లే రాసి మళ్లా పెంచుదాం" అన్నాడు.

అలా రాస్తే పదిహేడు బతికినట్టే. కానీ సునంద దగ్గర ఎవరికీ తెలియని సీసాలున్నాయి. మొదట్లో, ముప్పయ్యో తరానికి, చివర్లో కొన్ని కణాలు గడ్డకట్టించి దాచమంది నియమం. ఈమె మూడు రోజులకోసారి కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చిన ప్రతిసారీ దాచింది. వాళ్ల నాయన గంగాధరప్ప రంగు వేసిన ప్రతి విడత పట్టులోంచి జానెడు పోగు దాస్తాడు. చీరలో తేడా వస్తే ఆ పోగు పక్కన పెట్టి చూస్తాడు. ఆ అలవాటే ఇది.

ఎవరికీ చెప్పకుండా ఆ సీసాలు కరిగించి, మిగిలిన పాత ద్రవంలో పెంచింది. ముప్పై మూడో తరం నుంచే ప్రొటీన్ తగ్గుతోంది. కొత్త డబ్బా ఏ పాపమూ ఎరగదు.

ఆ లెక్కలు రాసిన కాగితం రెండు రోజులు ఆమె సంచిలోనే ఉంది. నేనైతే చించేసేదాన్ని, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆమె తీసుకెళ్లి సారు టేబులు మీద పెట్టింది.

"ఈ సీసాలు నిన్నెవరు దాచమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు సార్. కానీ ఉండాయి కదా."

పదిహేడును కొట్టేశారు. ల్యాబు ఇంకొకరికి పోయింది. ఫ్లాస్కుల్లో కణాలు చచ్చేలా బ్లీచింగ్ ద్రావణం తనే పోసింది.

సాయంత్రం కంపెనీ బస్సులో నా పక్కన కూర్చుని వాళ్ల నాయనకు ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకూ వినబడింది.

"ఏమ్మా, గొంతు అట్లుండాదే?"

"పోగు పక్కన పెట్టి చూసినా నాయనా. రంగు కలవలేదు."

ఫోన్‌లో వెనక వినబడుతున్న మగ్గం చప్పుడు ఆగింది.

"తేడా ఎవరు పట్టినారు?"

"నేనే" అంది సునంద. అప్పుడు ఏడ్చింది.