సున్నం బొట్టు పెట్టిన గుంజలు

మా ఊరు ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, ఏటిగట్టును ఆనుకుని ఉంటుంది. పత్రికలో డెస్కు పని మానేశాక ఇక్కడే ఉంటున్నాను. ఎదురుగా ఉన్న లంకలో భార్యాభర్తలిద్దరు కూరగాయలు పండిస్తారు. పొద్దున్నే పడవ దిగి ఆవిడ మొదటి బుట్ట మా గుమ్మంలోనే దించుతుంది.

ఒకరోజు వంకాయలు ఏరుకుంటూ అడిగాను. "లంకలో అందరూ పందిళ్ళకి సిమెంటు స్తంభాలు వేశారు కదమ్మా, మీరింకా ఆ పాత వెదురు గుంజలే ఉంచుకున్నారేంటి?"

"సిమెంటులో తుమ్మెద కాపురం పెట్టదు కదండీ," అంది.

నాకు అర్థం కాలేదని తెలిసి, మర్నాడు పడవలో తీసుకెళ్ళి చూపించింది. బీరపందిరి గుంజల్లో కొన్నింటికి బరమాతో తొలిచినట్టు గుండ్రటి రంధ్రాలు. రంధ్రం ఉన్న ప్రతి గుంజకీ సున్నం బొట్టు. వంటచెరకులో కలిసిపోకుండా ఆ గుర్తు. బొటనవేలంత నల్లటి తుమ్మెద ఒకటి బయటికొచ్చి, పక్క మడిలో వంగపువ్వుకు వేలాడింది. ఎగిరేటప్పటి మోత ఆగి, సన్నటి వేరే మోత మొదలైంది. పువ్వంతా వణికి, పసుపు పొడి దాని పొట్ట మీద రాలింది.

"అదలా దులిపితేనే కాయ నిండుగా దిగుతుందండి. వెనకటి రోజుల్లో పాకల వాసాల నిండా ఇవే. ఇప్పుడు పాకలేవండీ?"

కిందటేడు శ్రావణంలో గోదావరి పెరిగింది. తెల్లవారుతుండగా గట్టు మీదికి వెళ్ళేసరికి వాళ్ళ పడవ వస్తోంది. నిండా వెదురు గుంజలు.

"ఇంజను తెచ్చాను, ఆవుని తెచ్చాను. ఇప్పుడీ పుచ్చు కర్రలకి కూడా పడవ కట్టించింది, చూడండి," అన్నాడు ఆవిడ భర్త నాతో.

"పుచ్చిందెవరో ఊరందరికీ తెలుసులే. ఆ చివర పట్టుకో."

తుమ్మెదలన్నీ లోపల ఉండగానే, వెలుతురు రాకముందే, ఆవిడ రంధ్రాల్లో పాత చీర పీలికలు కుక్కి తెచ్చింది. ఇప్పుడు వాటిని దాచే చోటు కావాలి. గట్టు మీద అప్పటికే లంక నుంచి వచ్చేసినవాళ్ళ పొయ్యిలు వెలిగాయి.

"ఇక్కడుంచితే సాయంత్రానికి వీటితో అన్నం వండేస్తారండి. నీళ్ళు తీశాక వంగనారు ఎవరినడిగినా ఇస్తారు. ఇవి పోతే ఎవరిస్తారు? మీ వసారాలో పెడతానండి బాబుగారూ."

మా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. "మా తలుపులు తొలిచేస్తాయేమోనమ్మా."

"మెత్తటి వెదురుండగా మీ టేకు జోలికెందుకొస్తాయండి అమ్మగారూ? పళ్ళు నొప్పెట్టవూ వాటికి?"

మా ఆవిడ నవ్వి పక్కకు తప్పుకుంది. గుంజలన్నీ వసారా ఊచలకు నిలువుగా కట్టాం. వెళ్తూ ఆవిడ ఒక్క మాటే చెప్పింది: "గంటాగి పీలికలు తీసేయండి."

నేను మరిచిపోయాను. వరదొస్తే గంటగంటకీ నీటిమట్టం కనుక్కోవడం ఉద్యోగపు అలవాటు. మునిగిన ఎకరాలు, పడవలు, పశువులు, అన్నిటి గురించీ ఏళ్ళ తరబడి వార్తలు దిద్దిన వాణ్ణి. వాటిలో తుమ్మెద ఒక్కనాడూ లేదు. ఆ రోజు చీకటిపడేదాకా గట్టు మీదే ఉండి ఏటి వైపే చూశాను. పీలికలు గుర్తొచ్చింది మర్నాడు కాఫీ తాగుతుంటే.

పరుగెత్తి చూస్తే వసారా నేలంతా రంగు రంగుల దారాలు. తుమ్మెదలే పీలికలు కొరికి దారి చేసుకున్నాయి. పెరట్లో మునగపూత మీద మోత వినబడుతోంది. ఒక్క గుంజకు మాత్రం పీలిక అలాగే ఉంది. లాగేశాను. చెవి ఆనించాను. చప్పుడు లేదు.

లంక ఆవిడ గుంజల్ని చూసుకోవడానికి వచ్చాక తప్పు ఒప్పుకున్నాను. గుంజను వేలితో తట్టి, కాసేపు విని, మళ్ళీ తట్టింది.

"తల్లి లేనట్టుందండి. లోపల పిల్లలుండొచ్చు. పారేయకండి."

తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. రోజూ పొద్దున పేపరు చదివే ముందు ఆ గుంజకు చెవి ఆనించడం మొదలుపెట్టాను. మా ఆవిడ చూసి, "ఏమంటోందేంటి?" అనేది. గుంజ ఏమీ అనేది కాదు.

నీళ్ళు తీశాయి. లంక మీద కొత్త ఒండ్రు ఆరాక భార్యాభర్తలిద్దరూ వచ్చి గుంజలు విప్పారు. మోతలున్నవన్నీ సందెవేళ, తుమ్మెదలు గూళ్ళు చేరాక, పీలికలు కుక్కి తీసుకెళ్ళారు. మూగ గుంజ మాకు మిగిలింది. దాని సున్నం బొట్టు కూడా జల్లులకు కొట్టుకుపోయింది.

ఆ తరవాత కొన్ని రోజులకు వసారా ఊడుస్తూ మా ఆవిడ కేకేసింది. "ఇలా రండి, ఈ పొట్టెక్కడిది?"

గుంజ కింద గుప్పెడు లేత పసుపు పొట్టు. పైన పాత రంధ్రం పక్కనే కొత్తది సగం దాకా దిగి ఉంది. అందులోంచి నల్లటి వెనకభాగం కనబడుతోంది. చెవి ఆనించనక్కర్లేకుండానే వినబడుతోంది.

రెండు నెలలు పోయాక కొత్త వంగకాపు బుట్టతో లంక ఆవిడ వచ్చింది. కాయలు నిగనిగలాడుతూ నిండుగా ఉన్నాయి. బుట్ట దించకుండానే గుంజ వైపు చూసింది.

"పట్టుకెళ్తారా?" అన్నాను. వద్దంటే బాగుండునని మనసులో ఉంది.

ఆవిడ బొడ్లో సంచి తీసి, తమలపాకుకు రాసుకునే సున్నం వేలికి అంటించుకుని గుంజ మీద బొట్టు పెట్టింది.

"ఉంచండి. పొయ్యిలో మాత్రం పెట్టకండేం," అని బుట్ట దించింది.