అగ్నిశిఖ గడ్డ

తీగలు పెంచే గిడ్డమ్మ వేళ్లు నూనె డబ్బాలోని మట్టిని మెల్లగా తోడుతున్నాయి. గడ్డ కొనలోని మొలక విరిగితే అగ్నిశిఖ తీగ మళ్లీ రాదని ఆమె తవ్వడానికి ఇనుప ముక్క ముట్టదు.

“మా అమ్మ ఇచ్చిపోయిన తీగ, గిడ్డమ్మా! ఆకులు రాలినప్పటి నుంచి దినామూ నీళ్లు పోస్తానే ఉండా. చచ్చిపోయినాదేమో,” అంది ఆ డబ్బా తెచ్చిన పత్తికొండ అంగడి సుందరలక్ష్మి.

“ఆకు రాలితే గడ్డ నిద్రపోయినట్లు. నిద్రపోయేటోళ్ల నోట్లో ఎవరన్నా నీళ్లు పోస్తారామ్మా?”

నాగలిలా వంగిన గడ్డ బయటపడింది. దాని రెండు కొమ్మల్లో ఒకటి కుళ్లిపోయింది. రెండోదాన్ని తడిమిన బొటనవేలు కొన దగ్గర ఆగింది. బియ్యపుగింజంత మొలక!

గిడ్డమ్మ కుళ్లు తుంచి, బూడిద అద్ది, గడ్డను ఇసుకమట్టిలో అడ్డంగా పడుకోబెట్టింది. ఆకుకొనలతో పాకే ఆ తీగ చుట్టుకోవడానికి సన్నటి కందిపుల్ల నాటింది.

“మొలక పైకొచ్చేదాకా చెంబు ముట్టొద్దు,” అంటూ డబ్బా చేతికిచ్చింది.